ఎర్రనేల శిల్పి రాంకింకర్

ప్రతిమలు ఎనిమిది విధాలని భాగవతం ఏకాదశ స్కంధం చెబుతుంది. రాతితో చేసినవి, కొయ్యతో చేసినవి, లోహంతో పోతపోసినవి, మట్టి మొదలైన వాటితో మెత్తి చేసినవి, చిత్రించినవి, ఇసుకతో చేసినవి, మణులతో చేసినవి, మనస్సులోనే భావించుకొన్నవి అని ఆ ఎనిమిదింటి లెక్క. మన శిల్పులు శతాబ్దాల తరబడి ఈ ద్రవ్యాలతోనే తమ కళను పండించారు. అమరావతి స్తూపాన్ని అలంకరించిన సున్నపురాయిలోనూ, రామప్ప గుడి నల్లరాతిలోనూ ఉలి చూపిన నైపుణ్యం మనకు తెలిసినదే. కాని ఇరవయ్యో శతాబ్దంలో శిల్పానికి వాడే ద్రవ్యాల జాబితా మారింది. కర్మాగారంలో తయారైన సిమెంటు, ఇనుపచువ్వ, రోడ్డు మీద పరిచే మొరం కూడా శిల్పి చేతికి వచ్చాయి. మేడలు కట్టడానికీ, వంతెనలు నిర్మించడానికీ మాత్రమే పనికివస్తాయనుకొన్న ఆ ముతక వస్తువులలో ప్రాణం పలికించి, ఆధునిక భారతీయ శిల్పానికి దారి చూపిన మహాశిల్పి రాంకింకర్ బైజ్.

రాంకింకర్ 1906 మే 25న బెంగాలులోని బంకురా పట్టణంలో జన్మించారు. వారిది క్షురకవృత్తితో పొట్టపోసుకొనే నిరుపేద కుటుంబం. పరామాణిక్ అనే ఇంటిపేరును ఆయన తరువాతి కాలంలో బైజ్‌గా మార్చుకొన్నారు. ఆ ఇంట పుస్తకాలకు, రంగులకు ఖర్చుపెట్టే స్తోమతు లేదు. అయితే బంకురా సీమ కళలకు పుట్టినిల్లు. మల్లరాజుల రాజధాని అయిన విష్ణుపురంలోని కాల్చిన మట్టిపలకల దేవాలయాలు ఆ జిల్లాలోనివే. పాంచ్‌మురా కుమ్మరులు చేసే నిడుపాటి మెడల మట్టిగుర్రాలు ఆ ప్రాంతపు గుర్తుగా దేశమంతటా ప్రసిద్ధి పొందాయి. మైనపు బొమ్మ చుట్టూ మట్టి పొదిగి, మైనాన్ని కరిగించి, ఆ ఖాళీలో ఇత్తడి పోసి బొమ్మలు చేసే డోక్రా పనివారు కూడా అక్కడ ఉన్నారు.

బాలుడైన రాంకింకర్ కుమ్మరివాడలో, ప్రతిమలు చేసేవారి ముంగిళ్ళలో గంటల తరబడి నిలబడిపోయేవాడు. పూజలకు కావలసిన దేవతామూర్తులను వారు తయారుచేసే తీరు అతనిని ఆకట్టుకొన్నది. ముందుగా వెదురు, గడ్డి కలిపి కట్టి అస్థిపంజరం వంటి ఒక ఆకారాన్ని నిలబెడతారు. దానిపై మట్టిని పొరలు పొరలుగా మెత్తుతారు. అవయవాలు తీర్చి, రంగులు దిద్ది, చివరకు కన్నులు పెడతారు. పూజ ముగియగానే ఆ మూర్తిని నీటిలో కలిపివేస్తారు. ఎంతో శ్రమపడి చేసిన రూపం కొద్దిరోజులలోనే కరిగిపోతున్నా, మరుసటి ఏడు ఆ చేతులే మళ్ళీ కొత్త మూర్తికి గడ్డి కడతాయి. లోపల బలమైన కట్టు ఉండాలనీ, పైన మెత్తే పదార్థం చేతికి లొంగాలనీ ఆ పిల్లవాడు అక్కడ గ్రహించాడు. శాశ్వతత్వాన్ని గురించి బెంగపడకుండా పనిచేయడం కూడా బహుశా అక్కడే అలవడి ఉంటుంది.

యౌవనంలో ఆయన నాటకాలకు తెరలు చిత్రించారు. సహాయ నిరాకరణోద్యమం దేశాన్ని కదిలించిన ఆ రోజులలో జాతీయ నాయకుల చిత్రాలను వేశారు. ఆ చిత్రాలే ఆయన జీవితాన్ని మలుపు తిప్పాయి. ప్రవాసి, మోడరన్ రివ్యూ పత్రికల సంపాదకుడు రామానంద చటర్జీ కూడా బంకురాకు చెందినవారే. ఆయన ఈ పేదయువకుని ప్రతిభను గుర్తించి శాంతినికేతనానికి దారి చూపించారు. 1925లో, పందొమ్మిదేళ్ళ వయస్సులో, రాంకింకర్ కళాభవనంలో అడుగుపెట్టారు.

కళాభవనానికి అప్పటి ఆచార్యుడు నందలాల్ బోస్. రాంకింకర్ తెచ్చిన చిత్రాలను చూసి, ఇన్ని తెలిసినవాడికి ఇక్కడ నేర్చుకోవలసినది ఏముందా అని ఆయన విస్తుపోయారనీ, అయినా రెండుమూడేళ్ళు ఉండి చూడమన్నారనీ చెబుతారు. ఆ రెండుమూడేళ్ళు రాంకింకర్ జీవితకాలమంతా సాగాయి. విద్యార్థిగా వచ్చినవారు అక్కడే అధ్యాపకులై, శిల్పశాఖకు పెద్దదిక్కై, 1971లో పదవీవిరమణ చేసేవరకు పనిచేశారు. ఆ తరువాత కూడా శాంతినికేతనాన్ని విడిచిపెట్టలేదు.

కళాభవనంలో చిత్రకళకు ఉన్న పునాది తొలిరోజులలో శిల్పకళకు లేదు. యూరప్ నుండి వచ్చి కొంతకాలం అక్కడ ఉన్న లిజా వాన్ పాట్, మార్గరెట్ మిల్వర్డ్ అనే శిల్పులు రాంకింకర్‌కు పాశ్చాత్య పద్ధతులను పరిచయం చేశారు. వీరిలో మిల్వర్డ్ ఫ్రెంచి శిల్పి బూర్దెల్ శిష్యురాలు. ఇనుపకట్టు నిలబెట్టడం, బంకమట్టితో రూపం దిద్దడం, ప్లాస్టర్‌తో అచ్చుతీయడం ఆయనకు ఈ విధంగా పట్టుబడ్డాయి. అజంతా రేఖలను ఆరాధించే గురువు ఒకవైపు, రోడాన్ అనంతర యూరప్ శిల్పం మరొకవైపు, బంకురా కుమ్మరుల జ్ఞాపకం ఇంకొకవైపు ఆయనను లాగాయి. ఆయన వేటినీ కాదనలేదు, వేటికీ పూర్తిగా లొంగిపోలేదు.

అయితే పెద్ద శిల్పాలు చేయాలనుకొన్న యువకునికి ఎదురైన మొదటి సమస్య ద్రవ్యమే. ఇక్కడ ద్రవ్యమనే మాటకు రెండర్థాలూ వర్తిస్తాయి. ఆ కాలంలో నగరాలలో నిలబెట్టే విగ్రహాలను ఎక్కువగా కంచుతో పోసేవారు, లేదా పాలరాతిలో చెక్కేవారు. కంచువిగ్రహం చేయాలంటే ముందు బంకమట్టితో నమూనా చేయాలి. దానిమీద ప్లాస్టర్ అచ్చు తీయాలి. ఆ అచ్చు నుండి మైనపు రూపాన్ని తయారుచేసి, దానిని వేడిని తట్టుకొనే మూసలో పొదిగి, మైనం కరిగించి, ఆ ఖాళీలోకి కరిగిన లోహాన్ని పోయాలి. దీనికి పెద్ద కొలిమి, నేర్పరులైన పనివారు, క్వింటాళ్ళ కొద్దీ లోహం కావాలి. అంత ఖర్చు భరించగలిగినవారు ప్రభుత్వాధికారులు, సంస్థానాధీశులు, ధనవంతులు మాత్రమే. అందుకే కలకత్తా మైదానంలో వైస్రాయిలూ, సేనానాయకులూ కంచుగుర్రాల మీద కొలువుతీరారు. వారిలో చాలామందిని ఇంగ్లండులో పోతపోసి ఓడలలో తెచ్చారు. డబ్బున్నవారికే విగ్రహయోగం పట్టింది.

రాంకింకర్ సమకాలికుడైన దేవీప్రసాద్ రాయ్ చౌధురి మద్రాసు కళాశాలకు అధిపతిగా ఉండి, కంచుపోతలో దిట్ట అనిపించుకొన్నారు. మెరీనా తీరంలో 1959లో నెలకొల్పిన శ్రమవిజయం అనే ఆయన శిల్పం కూలిమనుషులను కంచులో నిలబెట్టింది. కాని శాంతినికేతనంలో అటువంటి వసతి లేదు. కొలిమి లేదు, రాతిగని దగ్గరలో లేదు, కొనుగోలు చేయడానికి నిధులు అసలే లేవు. ఉన్నదల్లా కంటికి కనిపించినంత మేర పరుచుకొన్న ఎర్రటి మొరం నేల.

ఆ నేలనే ఆయన నమ్ముకొన్నారు. అంతకుముందే కళాభవనం ఆవరణలో మట్టితో ప్రయోగాలు జరిగాయి. మట్టిలో తారు కలిపి గోడలకు పూసి, వాటిపై ఉబ్బెత్తు శిల్పాలు దిద్దిన నల్లయిల్లు ఆ ప్రయోగాలలో ఒకటి. 1935లో రవీంద్రనాథ్ ఠాగూర్ తన నివాసంగా కట్టించుకొన్న శ్యామలి అనే మట్టియిల్లు మరొకటి. ఆ ఇంటి గోడల అలంకరణలో నందలాల్‌తో పాటు ఆయన శిష్యులు పాల్గొన్నారు. ద్వారం పక్కన ఉన్న సంథాల్ మూర్తులు రాంకింకర్ చేతిపనే. మట్టిగోడ వానకు కరగకుండా ఉండాలంటే ఏమి కలపాలి, ఎంత కలపాలి అన్న ప్రశ్న అక్కడ కళకు సంబంధించిన ప్రశ్నగా మారింది. ఆ ప్రశ్నకు రాంకింకర్ తనదైన సమాధానం కనుగొన్నారు. అదే సిమెంటు, మొరం మిశ్రమం.

1935లో ఆయన చేసిన సుజాత ఈ మార్గంలో తొలి మైలురాయి. చెట్ల నడుమ, చెట్టులాగానే సన్నగా, నిటారుగా ఎదిగిన ఒక స్త్రీమూర్తి అది. మొదట దానికి పౌరాణిక ప్రసక్తి ఏదీ లేదు. తలమీద ఒక పాత్రను ఉంచితే బాగుంటుందని నందలాల్ సూచించారనీ, దానితో ఆ మూర్తి బుద్ధునికి పాయసం సమర్పించిన సుజాత అయినదనీ అంటారు. ఈ శిల్పం ఆశ్రమంలో కలకలం రేపింది. ముక్కు, కన్ను, వేలు స్పష్టంగా తీర్చని ఈ గరుకు బొమ్మ ఏమిటని కొందరు పెదవి విరిచారు. గురుదేవుల నుండి పిలుపు వచ్చినప్పుడు రాంకింకర్ చీవాట్లు తప్పవని భయపడుతూ వెళ్ళారట. ఠాగూర్ మందలించలేదు సరికదా, ఆశ్రమమంతటినీ ఇటువంటి శిల్పాలతో నింపమని ప్రోత్సహించారు. ఒక పని పూర్తిచేసిన తరువాత వెనుదిరిగి చూడక ముందుకు సాగిపొమ్మని కూడా హితవు చెప్పారంటారు. ఆ హితవును ఆయన జీవితాంతం పాటించారు.

1938లో రూపొందిన సంథాల్ కుటుంబం రాంకింకర్ పేరును చిరస్థాయి చేసిన శిల్పం. శాంతినికేతనం పరిసరాలలో సంథాల్ గిరిజనుల పల్లెలు ఉన్నాయి. పని వెదుక్కొంటూ ఒక చోటు నుండి మరొక చోటుకు తరలిపోయే సంథాల్ కుటుంబాలను ఆయన నిత్యం చూసేవారు. ఆ దృశ్యాన్నే నిలువెత్తును మించిన పరిమాణంలో నిలబెట్టారు. భుజాన కావడి మోస్తున్న పురుషుడు, అతని పక్కన సమానంగా అడుగువేస్తున్న స్త్రీ, బిడ్డ, వారిని అంటిపెట్టుకొని నడిచే కుక్క అందులో ఉన్నారు. వారి సంసారమంతా ఆ కావడిలోనే ఇమిడిపోయింది. ఆ ముఖాలలో దీనత్వం లేదు. నిటారైన వెన్ను, నేలను గట్టిగా అదిమిన పాదం, దూరాన్ని కొలిచే చూపు మాత్రమే ఉన్నాయి. వైస్రాయిలకు విగ్రహాలు కట్టే కాలంలో, పేరులేని ఒక కూలికుటుంబానికి అంతటి గౌరవాన్ని బహిరంగస్థలంలో ఇచ్చిన శిల్పమిది. దీనిని భారతదేశంలో తొలి ఆధునిక బహిరంగ శిల్పంగా విమర్శకులు పరిగణిస్తారు.

దీని నిర్మాణపద్ధతి తెలుసుకోదగినది. ముందుగా ఇనుపచువ్వలను వంచి, తీగలతో బిగించి శిల్పానికి అస్థిపంజరాన్ని నిలబెట్టారు. స్థానికంగా దొరికే ఎర్రమొరంలో సిమెంటు కలిపి, ఆ కట్టుపై ముద్దలు ముద్దలుగా విసిరికొట్టి మెత్తారు. మిశ్రమం పూర్తిగా గట్టిపడక ముందే ఉలితో, తాపీతో అక్కరలేని చోట చెక్కివేశారు. తక్కువైన చోట మళ్ళీ మెత్తారు. సిమెంటు బిగిసేలోగా నిర్ణయం తీసుకోవాలి. ఆలస్యమైతే చేతికి లొంగదు, తొందరపడితే నిలవదు. ఎర్రటి ఎండలో, తలపై తాటాకు టోపీతో, పరంజా ఎక్కి ఆయన ఈ పని చేసేవారు. చాలావరకు పెద్ద అచ్చులు లేకుండా, ఆరుబయటనే నేరుగా రూపాన్ని నిర్మించేవారు.

శిల్పరచనలో రెండు మార్గాలు ఉన్నాయి. మట్టితో చేసే శిల్పి పదార్థాన్ని చేరుస్తూ పోతాడు. రాతితో చేసే శిల్పి పదార్థాన్ని తొలగిస్తూ పోతాడు. చేర్చడం, తొలగించడం అనే ఈ రెండు పనులను రాంకింకర్ పద్ధతి ఒకేచోట కలిపింది. మెత్తినప్పటి చేతివేగం, చెక్కినప్పటి ఉలిదెబ్బ రెండూ ఆ శిల్పం ఒంటిమీద కనిపిస్తాయి. పైన నునుపుపూత పూసి ఆ గుర్తులను ఆయన కప్పిపుచ్చలేదు. మొరంరాళ్ళు పైకి తేలిన ఆ గరుకుదనంలో ఎండ పడినప్పుడు వెలుగునీడలు చెదిరి, బొమ్మ కదులుతున్నట్లు అనిపిస్తుంది. అన్నిటికీ మించి, సంథాల్‌లు నడిచే నేల, తవ్వే మట్టి, వారి రూపం ఒక్కటయ్యాయి. డబ్బులేక ఎంచుకొన్న ద్రవ్యం ఆ శిల్పానికి అర్థాన్ని ఇచ్చింది. కంచులో పోసి ఉంటే ఈ ఏకత్వం సిద్ధించేది కాదు.

ఆయన ఒకే శైలికి కట్టుబడలేదు. 1940లో చేసిన దీపస్తంభం ఏ మనిషినీ, జంతువునూ పోలని ఆకృతి. మనదేశంలో వచ్చిన తొలి అమూర్త శిల్పాలలో అది ఒకటి. అదే శిల్పి ఠాగూర్ ముఖాన్ని రెండు భిన్నరీతులలో చేశారు. ఒకటి రూపురేఖలను పక్కనపెట్టి కవి అంతరంగాన్ని పట్టుకోబోయిన ప్రయోగం. రెండవది 1941 ప్రాంతంలో, అంటే కవి జీవితపు చివరి దశలో చేసినది. లోకం పూజించే తేజోమూర్తి అందులో కనిపించడు. వయోభారంతో వంగి, ఆలోచనలో మునిగి, యుద్ధంలో కూరుకుపోతున్న ప్రపంచాన్ని చూసి అలసిన వృద్ధుడు కనిపిస్తాడు. గురువు పట్ల ఎంత భక్తి ఉన్నా, కంటికి కనిపించిన సత్యాన్ని ఆయన దాచలేదు.

1943లో బెంగాలును మహాక్షామం కబళించింది. లక్షలాది ప్రజలు ఆకలితో మరణించారు. ఆ సంవత్సరమే రాంకింకర్ వరి నూర్చే స్త్రీ శిల్పాన్ని రూపొందించారు. ఆ మూర్తికి శిరస్సు లేదు. చేతులెత్తి కంకులను బాదబోయే దేహపు బలమంతా మొండెంలోనే కేంద్రీకృతమై ఉంటుంది. పండించే చేతులు ఆకలితో మాడిన ఏడాదిలో పుట్టిన ఈ శిల్పాన్ని చూసినవారికి ఆ కాలం గుర్తుకురాక మానదు.

1956 నాటి మిల్లు పిలుపు ఆయన సిమెంటు శిల్పాలలో మరొక శిఖరం. ధాన్యపు మిల్లు కూత వినబడగానే పనికి పరుగెత్తే ఇద్దరు సంథాల్ స్త్రీలు, వారి వెనుక ఒక బాలుడు ఇందులోని పాత్రలు. తడిచీర ఆరకుండానే బయలుదేరిన ఆ స్త్రీల వెనుక చీరకొంగులు గాలికి ఎగురుతుంటాయి. సిమెంటు బరువైన పదార్థం. కంకర నిలకడకు పేరుపడినది. ఆ బరువులో వేగాన్ని, ఆ నిలకడలో గాలిని చూపించడం సామాన్యమైన విషయం కాదు. లోపలి ఇనుపకట్టు మీద పూర్తి నమ్మకముంటేనే అంత బరువును అలా గాలిలోకి సాచగలరు. పద్దెనిమిదేళ్ళ క్రితం కావడితో నడిచిన కుటుంబం ఇప్పుడు మిల్లు కూతకు పరుగెత్తుతున్నది. సంథాల్ జీవితంలో వచ్చిన మార్పు ఈ రెండు శిల్పాల నడుమ ఉన్నది.

స్వతంత్ర భారతంలో ప్రభుత్వ భవనాలను మన కళాకారుల కృతులతో అలంకరించాలన్న అభిప్రాయానికి ప్రధాని నెహ్రూ ఊతమిచ్చారు. ఆ క్రమంలో ఢిల్లీలోని రిజర్వు బ్యాంకు భవనద్వారం వద్ద నిలిపే శిల్పాల కోసం కళాకారుల నుండి నమూనాలను ఆహ్వానించారు. రాంకింకర్ రూపొందించిన యక్ష, యక్షిణి నమూనాలు ఎంపికయ్యాయి. యక్షుడు ధనరక్షకుడైన కుబేరుని అనుచరుడు కనుక బ్యాంకు వాకిట నిలబడటం ఉచితమే. మథుర సమీపంలోని పర్ఖం వద్ద దొరికిన ప్రాచీన యక్షుడు, కలకత్తా మ్యూజియంలోని బేస్‌నగర్ యక్షిణి ఆయనకు ప్రేరణ అయ్యాయి. యక్షుని చేతిలో డబ్బుసంచితో పాటు పరిశ్రమలకు గుర్తుగా యంత్రచక్రాన్ని ఉంచారు. యక్షిణి పంటల సమృద్ధికి ప్రతీక అయినది.

ఈసారి ద్రవ్యం రాయి. మొరంతో వేగంగా పనిచేసిన చేతులకు ఇది కొత్త పరీక్ష. తగిన రాయి కోసం వెదికి వెదికి చివరకు కాంగ్రా లోయలోని వైద్యనాథ్ ప్రాంతపు ఇసుకరాయిని ఎంచుకొన్నారు. ఆ లోయ గుండా సాగేది చిన్నగేజి రైలుమార్గం. మనిషి ఎత్తుకు మూడురెట్లు మించిన మూర్తులకు కావలసిన రాతిని కొండల నుండి దింపి ఢిల్లీకి చేర్చడమే ఒక మహాయజ్ఞమైనది. సంవత్సరాలు గడిచాయి. వ్యయం అంచనాలను దాటింది. లెక్కలు, గడువులు, ఉత్తరప్రత్యుత్తరాలు ఆయనకు అలవాటులేని విషయాలు. పని ఆరంభమైన దాదాపు పన్నెండేళ్ళకు, 1967 నాటికి శిల్పాలు పూర్తి అయ్యాయి. అప్పుడు మరొక వివాదం తలెత్తింది. వస్త్రంలేని యక్షిణిని బహిరంగస్థలంలో నిలపడం తగునా అని కొందరు ఆక్షేపించారు. పార్లమెంటులో కూడా ప్రశ్న వచ్చింది. రెండువేల ఏళ్ళ నాటి మన శిల్పసంప్రదాయాన్ని ఎరిగినవారికి ఆ ఆక్షేపణ వింతగా తోచింది. యక్షుడు, యక్షిణి చోటు మారలేదు.

రాంకింకర్ వ్యక్తిజీవితం నిరాడంబరమైనది. బావుల్ గీతాలంటే ఆయనకు ప్రాణం. గొంతెత్తి పాడేవారు, నాటకాలు ఆడించేవారు, సంథాల్ పల్లెలలో కలిసిమెలిసి తిరిగేవారు. చిత్రకారునిగానూ ఆయన గొప్పవారే. కళాభవనంలో తైలవర్ణాలకు ఆదరణ అంతగా లేని రోజులలో తైలవర్ణాలతో విరివిగా చిత్రాలు వేశారు. కాని వాటిని భద్రపరచాలన్న ధ్యాస ఆయనకు ఉండేది కాదు. వానకాలంలో గడ్డికప్పు కారుతుంటే, తాను వేసిన తైలవర్ణ చిత్రాలనే కప్పుకు అడ్డంగా పెట్టారు. రంగుపూసిన గుడ్డ నీటిని ఆపుతుందని ఆయన లెక్క. ప్రసిద్ధ చలనచిత్ర దర్శకుడు ఋత్విక్ ఘటక్ 1975లో ఆయనపై ఒక డాక్యుమెంటరీ తీయడం ప్రారంభించారు. ఆ చిత్రంలో రాంకింకర్ ఈ సంగతిని నవ్వుతూ చెప్పారు. చిత్రం పూర్తికాకముందే ఘటక్ కన్నుమూశారు.

సన్మానాలు ఆలస్యంగానే అయినా వచ్చాయి. 1970లో భారతప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. విశ్వభారతి తన అత్యున్నత పురస్కారమైన దేశికోత్తమతో గౌరవించింది. వాటివల్ల ఆయన ఇల్లు మారలేదు, తీరు మారలేదు. 1980 ఆగస్టు 2న రాంకింకర్ కలకత్తాలో తుదిశ్వాస విడిచారు. బెంగాలీ నవలాకారుడు సమరేశ్ బసు ఆయన జీవితం ఆధారంగా ఒక బృహన్నవల రచించ పూనుకొన్నారు. వెనుదిరిగి చూడలేదు అన్న అర్థంవచ్చే పేరును దానికి పెట్టారు. ఆ రచయిత కూడా పని ముగియకుండానే 1988లో మరణించారు.

వెనుదిరిగి చూడని శిల్పి వదిలివెళ్ళిన కృతులను కాపాడవలసిన బాధ్యత తరువాతి తరాలపై పడింది. సిమెంటు రాయి వంటిది కాదు. దాని సన్నని పగుళ్ళలోకి వాననీరు దిగితే లోపలి ఇనుపచువ్వ తుప్పుపడుతుంది. తుప్పుపట్టిన ఇనుము ఉబ్బి, పైనున్న పొరను పగులగొడుతుంది. ఎండవానలలో నిలవాలని కట్టిన శిల్పానికి ఆ ఎండవానలే శత్రువులయ్యాయి. ఆరుబయట నిలిచిన సంథాల్ కుటుంబానికి ఇప్పుడు పైకప్పు నీడ కల్పించారు. ఆయన చిన్న నమూనాలు కొన్నింటిని ఆ తరువాత కంచులో పోతపోశారు. కంచులో రూపం నిలిచింది కాని, ఆ మొరం గరుకుదనంలోని జీవం నిలిచిందా అన్నది ఆలోచించదగిన విషయం. 2012లో ఆయన శిష్యుడైన శిల్పి కె.ఎస్. రాధాకృష్ణన్ నిర్వహణలో ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళాప్రదర్శనశాల రాంకింకర్ కృతుల సమగ్ర ప్రదర్శన ఏర్పాటుచేసింది. 2023లో శాంతినికేతనం యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేరింది.

రాంకింకర్ వేసిన బాట ఆయనతో ఆగలేదు. ఆయన శిష్యుడు శంఖో చౌధురి బరోడా విశ్వవిద్యాలయంలో శిల్పశాఖను తీర్చిదిద్ది, లోహపు రేకులతో శిల్పాలు చేశారు. మీరా ముఖర్జీ బస్తర్ గిరిజనుల లోహపుపోతను నేర్చుకొని, దానితో మహామూర్తులను నిర్మించారు. రాంకింకర్ సహచరుడైన చిత్రకారుడు వినోదబిహారి ముఖర్జీ కుమార్తె మృణాళిని జనపనార తాళ్ళను ముడివేసి మనిషిని మించిన ఆకృతులను అల్లారు. రేకు, తాడు, పాత ఇనుము, గాజుపోగు, ఏదైనా శిల్పానికి తగిన ద్రవ్యమేనన్న నమ్మకం నేటి శిల్పులకు సహజంగా ఉన్నది. ఆ నమ్మకం మనదేశంలో కుదురుకోవడానికి శాంతినికేతనపు ఎర్రనేలలో జరిగిన పని ఎంతో తోడ్పడింది.

కంచు కొనలేని ఒక పేదశిల్పి, తన కాళ్ళకింది మట్టిని రెండు చేతులా ఎత్తుకొన్నాడు. ఆ మట్టిమీద నడిచేవారినే దానితో నిలబెట్టాడు. రిజర్వు బ్యాంకు వాకిట యక్షుడు ధనాన్ని కాపలా కాస్తూ నిలిచి ఉన్నాడు. శాంతినికేతనంలో కావడి మోసే సంథాల్ మాత్రం భార్యాబిడ్డలతో, కుక్కతో, ఇంకా నడుస్తూనే ఉన్నాడు.